అలస్డేర్ గ్రే: రచయిత, సంపాదకుడు, బొమ్మలవాడు (తరచుగా అడిగే ప్రశ్నలు)

‘పూర్ థింగ్స్’ సినిమా వచ్చాక అలస్డేర్ గ్రే గురించి అడిగేవాళ్ళు పెరిగారు. అడిగే సంగతులు మాత్రం అవే: ఎవరీయన, ఎక్కడ మొదలుపెట్టాలి, ఆ పెద్ద నవల మూడో భాగంతో ఎందుకు మొదలైంది, తన నవలకే సంపాదకుడినని ఎందుకు వేసుకున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట కూర్చాను. ఆయన జీవితం నడిచిన వరసలోనే ప్రశ్నలు పేర్చాను కానీ, మీకు కావలసిన చోట తెరిచి చదువుకోవచ్చు. కథ గుట్టు విప్పాల్సి వచ్చినచోట ముందే హెచ్చరించాను.

## మొదలుపెట్టే ముందు

అసలు ఈ అలస్డేర్ గ్రే ఎవరు? రెండు ముక్కల్లో చెప్పండి.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 1934 డిసెంబరు 28న పుట్టి, అదే ఊళ్ళో 2019 డిసెంబరు 29న, 85 నిండిన మర్నాడు కన్నుమూసిన నవలాకారుడు, చిత్రకారుడు, సంపాదకుడు. తొలి నవల ‘లానార్క్’ 1981లో వచ్చేనాటికి ఆయనకు 46 ఏళ్ళు. పుస్తకం అంటే ఆయన దృష్టిలో లోపలి కథ ఒక్కటే కాదు. ముఖచిత్రం, అక్షరాల కూర్పు, బొమ్మలు, వెనకట్ట మీది వాక్యాలు, అంచుల్లోని వివరణలు, చివరికి తప్పొప్పుల చీటీ కూడా రచనలో భాగమే. ఆ పనులు వేరొకరికి వదలకుండా తన చేత్తో చేసుకున్నారు. ఆయన్ని ఇంతగా ఇష్టపడటానికి నాకున్న మొదటి కారణం అదే.

ఈయన రాసింది సైన్స్ ఫిక్షనా, ఫాంటసీనా, మామూలు నవలలా?

ఏ ఒక్క అరలోనూ పూర్తిగా పట్టరు. ‘లానార్క్’లో సగం గ్లాస్గో కుర్రాడి నిజ జీవితం, సగం సూర్యుడు పొడవని ఊరి కథ. ‘పూర్ థింగ్స్’ 19వ శతాబ్దపు వైద్యుడి విపరీత ప్రయోగం. ‘ఎ హిస్టరీ మేకర్’ 23వ శతాబ్దంలో నడుస్తుంది. చిన్నప్పుడు హెచ్.జి. వెల్స్‌ని, పెద్దయ్యాక కాఫ్కాని ఇష్టంగా చదివారు. కాఫ్కాను ఇంగ్లీషులోకి తెచ్చిన ఎడ్విన్ మ్యూర్, విల్లా మ్యూర్ కూడా స్కాట్లాండ్ దంపతులే. కాఫ్కా కథల్లోని పేరులేని నగరం గ్లాస్గోలాంటిదే కదా అని గ్రేకి తోచడంలో నాకేమీ ఆశ్చర్యం లేదు. వింతలోకాన్ని ఆయన పారిపోవడానికి కట్టుకోలేదు. తన ఊరిని ఇంకోవైపు నుంచి చూడటానికి కట్టుకున్నారు.

ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారు?

1983లో వచ్చిన కథల సంపుటి ‘అన్‌లైక్లీ స్టోరీస్, మోస్ట్లీ’తో. అందులో మొదటి కథ ‘ది స్టార్’ పట్టుమని పది నిమిషాలు కూడా పట్టదు. ఇంటి వెనకాల రాలిపడిన నక్షత్రాన్ని ఒక పిల్లవాడు దాచుకుంటాడు, అంతే కథ. 1951లో ఒక పిల్లల పత్రికలో అచ్చయినప్పుడు గ్రేకి పదహారేళ్ళు. అది నచ్చితే ‘పూర్ థింగ్స్’, ఆ తర్వాత తీరిక చూసుకుని ‘లానార్క్’. ‘1982, జనీన్’తో మాత్రం మొదలుపెట్టకండి.

ఇంగ్లీషు కష్టమా? స్కాట్లాండ్ యాస అర్థమవుతుందా?

గ్రే వాక్యం చిన్నది, తేటగా ఉంటుంది. యాస సంభాషణల్లో అక్కడక్కడా తగులుతుంది తప్ప అడ్డుపడదు. ఆయన మిత్రుడు జేమ్స్ కెల్మన్‌ని చదివితే యాస ఎంత చిక్కగా ఉండగలదో తెలుస్తుంది. గ్రే దగ్గర తిప్పలు భాషతో రావు, పుస్తకం అల్లికతో వస్తాయి.

## చిన్నతనం, చదువు, నిలకడలేని రోజులు

ఎలాంటి ఇంట్లో పుట్టారు?

గ్లాస్గో తూర్పున రిడ్రీ అనే పేటలో, మున్సిపాలిటీ కార్మికులకు కట్టించిన ఇళ్ళలో ఒకటి. తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడి వచ్చి అట్టపెట్టెల ఫ్యాక్టరీలో యంత్రం మీద పనిచేసేవారు. ఆయనకు కొండలెక్కడం సరదా. తల్లి బృందగానాల్లో పాడేవారు. రెండో యుద్ధకాలంలో కుటుంబం కొన్నాళ్ళు ఇంగ్లండులోని వెదర్బీలో ఉంది, అక్కడ ఆయుధ కర్మాగారపు కార్మికుల హాస్టల్‌కి తండ్రి మేనేజరు. 1952లో తల్లి పోయారు, అప్పటికి గ్రేకి పదిహేడు.

రిడ్రీలో చెట్లున్న వీధులు, నడిచిపోయేంత దూరంలో లైబ్రరీ ఉండేవి. ప్రజల డబ్బుతో కట్టిన ఇల్లు, బడి, లైబ్రరీ తనను మనిషిని చేశాయని ఆయన జీవితమంతా నమ్మారు. ఆయన రాజకీయాలకు వేరు అక్కడే ఉంది.

బొమ్మలు ముందా, రాత ముందా?

రెండూ ఒకేసారి. 1952 నుంచి 1957 వరకు గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో కుడ్యచిత్రాలు నేర్చుకున్నారు. ‘లానార్క్’ రాయడం మొదలైంది కూడా ఆ విద్యార్థి దశలోనే. చదువు ముగిశాక స్కాలర్‌షిప్పు మీద స్పెయిన్ బయల్దేరితే, దారిలో ఆస్తమా ఎక్కువై జిబ్రాల్టర్ ఆసుపత్రిలో పడ్డారు. ఆ ప్రయాణం ఎలా చెడిందో స్కాలర్‌షిప్పు ఇచ్చిన ధర్మకర్తలకు నివేదికగా రాశారు, అది చదవడానికి చక్కటి కథలా ఉంటుంది. ఆస్తమా, ఎగ్జిమా ఆయన్ని చిన్నప్పటి నుంచీ వదల్లేదు. నవలల్లోకీ వచ్చేశాయి.

ఉద్యోగం లేకుండా అన్నేళ్ళు ఎలా బతికారు?

కష్టంగానే. 1962 దాకా పార్ట్ టైం డ్రాయింగు మాస్టారు. తర్వాత నాటకశాలల్లో తెరలకు రంగులు వేశారు, కొన్నాళ్ళు ప్రభుత్వం ఇచ్చే నిరుద్యోగ భృతి మీద ఉన్నారు. 1964లో బీబీసీ ఆయన మీద ఒక డాక్యుమెంటరీ తీసింది. అందులో ఆయన్ని అప్పటికే చనిపోయిన కళాకారుడన్నట్టు చూపించారు! 1960ల నడుమ నుంచి రేడియోకి, టీవీకి నాటకాలు రాశారు. 1968లో ‘ది ఫాల్ ఆఫ్ కెల్విన్ వాకర్’ ప్రసారమైంది.

1977లో పీపుల్స్ ప్యాలెస్ మ్యూజియం ఆయన్ని నగర చిత్రకారుడిగా పెట్టుకుంది. గ్లాస్గో మనుషుల్ని, వీధుల్ని గీసిపెట్టడమే పని. అదే ఏడాది గ్లాస్గో విశ్వవిద్యాలయం రెండేళ్ళకు ఆస్థాన రచయితగా తీసుకుంది. నెల జీతం అంటే ఏమిటో ఆయనకు నలభై దాటాకే తెలిసింది.

మొదటి నుంచీ ఒంటరిగానే రాసుకున్నారా?

లేదు. 1970ల మొదట్లో ఫిలిప్ హాబ్స్‌బామ్ అనే అధ్యాపకుడి ఇంట్లో ఒక రచయితల బృందం కూడేది. గ్రే, జేమ్స్ కెల్మన్, టామ్ లెనర్డ్, లిజ్ లాక్‌హెడ్ అందరూ అక్కడివాళ్ళే. రాసింది చదవడం, మిగతావాళ్ళు మొహమాటం లేకుండా తప్పులు పట్టడం. తర్వాతి కాలపు స్కాట్లాండ్ సాహిత్యంలో సగం ఆ గదిలోనే తయారైందంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

## ‘లానార్క్’

ఒక్క నవలకి పాతికేళ్ళు ఎందుకు పట్టింది?

పొట్టపోసుకునే పనుల మధ్య రాయడం ఒక కారణం. పెద్ద కారణం వేరే ఉంది. 1963 నాటికి ఒక భాగం పూర్తయి లండన్‌లోని ఏజెంట్లకు పంపితే తిరిగొచ్చింది. ఆయన నిరాశపడి వదిలేయలేదు, పుస్తకాన్ని ఇంకా పెద్దది చేశారు. గ్లాస్గో కుర్రాడి కథ ఒకటి, చీకటి నగరం కథ ఒకటి మొదట వేరువేరు ఆలోచనలు. వాటిని ఒకదానిలో ఒకటి కూర్చాలని నిర్ణయించుకున్నాక పని రెట్టింపైంది. 1976కి మొత్తం తేలింది.

అప్పుడు లండన్‌లో ఒక ప్రచురణ సంస్థ, ఇంత పొడవు వేయలేం, రెండు నవలలుగా విడగొట్టండి అంది. చేతిలో డబ్బు లేదు, పేరు లేదు, వయసు నలభై దాటింది. అయినా ఒప్పుకోలేదు. చివరికి ఎడిన్‌బరోలోని చిన్న సంస్థ కేనన్‌గేట్, స్టెఫనీ వుల్ఫ్ మరీ నడుపుతున్న రోజుల్లో, దాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకుంది. 1981 ఫిబ్రవరి 25న వెలువడింది. బొమ్మలు, ముఖచిత్రం ఆయనవే. ఆ రోజు తలవంచి రెండు ముక్కలు చేసి ఉంటే ఒక మంచి ఆత్మకథాత్మక నవల, ఒక మంచి వింత నవల మిగిలేవి. ‘లానార్క్’ మాత్రం ఉండేది కాదు.

నా కాపీ మూడో భాగంతో మొదలైంది. పేజీలు తారుమారయ్యాయా?

కంగారు పడకండి, మీ కాపీ సరిగ్గానే ఉంది. వరస ఇది: మూడో భాగం, తర్వాత ప్రోలాగ్, ఒకటో భాగం, మధ్యలో చిన్న విరామం, రెండో భాగం, నాలుగో భాగం. ఎపిలాగ్ కూడా చివర ఉండదు, ఇంకా నాలుగు అధ్యాయాలు మిగిలి ఉండగానే వచ్చేస్తుంది. చదివే వరస ఒకటి, చదివాక తలచుకునే వరస మరొకటి కావాలని గ్రే కోరిక. ఒకటో భాగం నుంచి చదువుదామని కొందరు తెలివిగా పేజీలు దాటేస్తుంటారు. దయచేసి అలా చేయకండి. గతం మర్చిపోయిన మనిషితో ముందు మీరు చీకట్లో తిరగాలి. అతని బాల్యం ఆ తర్వాత తెలిస్తేనే గుండెకు తగులుతుంది.

కథేమిటో కొంచెం చెప్పండి, మొత్తం వద్దు.

పేరు గుర్తులేని ఒక యువకుడు రైల్లో అన్‌థాంక్ అనే ఊరు చేరతాడు. అక్కడ పగలు లేదు. మనుషులు ఉన్నట్టుండి మాయమవుతుంటారు. అతని చేతి మీద చర్మం గట్టిపడి డ్రాగన్ పొలుసుగా మారుతుంది. ప్రేమను బయటికి రానివ్వనివాళ్ళకు వచ్చే రోగం అది. ఆ తర్వాత ఇన్‌స్టిట్యూట్ అనే పాతాళపు ఆసుపత్రి, అక్కడ ఒక గొంతు అతనికి పూర్వజీవితం చెబుతుంది: గ్లాస్గోలో డంకన్ థా అనే కుర్రాడు, ఆస్తమా, ఎగ్జిమా, చిత్రకళ, పొందలేని ప్రేమ, ఒక చర్చి గోడ మీద సృష్టి కథను గీస్తూ మతి తప్పడం.

ఎగ్జిమాతో చర్మం పగిలిన పిల్లవాడు పెద్దయ్యాక డ్రాగన్ చర్మాన్ని ఊహించాడు. మొదటి సగంలో వింతగా తోచినదానికి రెండో సగంలో ఒంటిమీద ఆధారం దొరుకుతుంది. చర్చి కూడా కల్పన కాదు. గ్రే బ్రిడ్జ్‌టన్ పేటలోని గ్రీన్‌హెడ్ చర్చిలో ఏళ్ళ తరబడి సృష్టి చిత్రం వేశారు. తర్వాత ఆ చర్చినే పడగొట్టేశారు.

‘గ్రంథచౌర్యాల పట్టిక’ అని ఒకటి ఉంది. నిజంగానే కాపీ కొట్టారా?

ఎపిలాగ్‌లో లానార్క్ (ఆ పేరు గుర్తులేని యువకుడు తనకు పెట్టుకున్న పేరు ఇదే) తనను సృష్టించిన రచయితనే ఎదురుగా కలుస్తాడు. రచయిత తన పాత్రకు కథ ఎలా ముగుస్తుందో చెబుతుంటే, పేజీ అంచున సన్నటి అక్షరాల్లో ఎవరెవరి దగ్గర ఏం ఎత్తుకొచ్చారో జాబితా నడుస్తుంటుంది. దొంగతనాలను మూడు రకాలుగా విడగొట్టారు: ఉన్నదున్నట్టు ఎత్తేయడం, కథలో కలిపేయడం, పలచగా పరచడం. జాబితాలో కొన్ని పద్దులు నవలలో లేని అధ్యాయాలను చూపిస్తాయి! ఇక అడుగున సిడ్నీ వర్క్‌మన్ అనే విమర్శకుడి పాదసూచికలు. ఆ విమర్శకుడూ కల్పితమే. విమర్శకులు రేపు అనబోయేదంతా ఈరోజే తన పుస్తకంలో తానే అనేసుకోవడం అది.

నాకు మాత్రం అది తమాషా కంటే ఎక్కువ. ఎవరి నుంచీ ఏమీ తీసుకోకుండా ఎవరూ రాయరు. ఆ అప్పులన్నిటినీ పేరుపేరునా ఒప్పుకున్న నవల ఇంకొకటి నేను చూడలేదు.

అది వచ్చాక ఏం మారింది?

సాల్టైర్ సొసైటీ బహుమతి వచ్చింది. ఆంథొనీ బర్జెస్ తాను ఎంచిన 99 ఉత్తమ నవలల్లో చేర్చారు. అంతకంటే పెద్ద మార్పు రాసేవాళ్ళలో వచ్చింది. నవలలో ఒకచోట థా తన మిత్రుడితో కొండమీద నిలబడి ఊరిని చూస్తూ అనే మాటల సారం ఇది: పారిస్, లండన్ లాంటి నగరాలకు మొదటిసారి వెళ్ళినవాడు కూడా కొత్తవాడు కాడు, బొమ్మల్లో, నవలల్లో, సినిమాల్లో అవి ముందే చూసి ఉంటాడు. కళాకారుడెవరూ వాడుకోని ఊళ్ళో మాత్రం, అక్కడే పుట్టినవాళ్ళు సైతం ఊహలో కాపురం ఉండరు. ఆ లోటును పూడ్చిన నవల ఇదే. ఇయన్ బ్యాంక్స్ 1986లో రాసిన ‘ది బ్రిడ్జ్’కి ‘లానార్క్’ రుణం ఉందని తనే బాహాటంగా చెప్పారు.

## 1980లు, 90లు

‘1982, జనీన్’ బూతు పుస్తకమని విన్నాను. నిజమా?

బూతు ఉంది, చాలా ఉంది. 1984లో వచ్చింది. జాక్ మెక్‌లీష్ అనే విడాకులైన తాగుబోతు, భద్రతా పరికరాలు బిగించే కంపెనీ ఉద్యోగి, ఒక చిన్న ఊరి హోటల్ గదిలో ఒక్క రాత్రి గడుపుతాడు. నిద్ర రాక కామపు ఊహలు అల్లుతుంటాడు, మధ్యమధ్య తన సొంత జీవితం పొడుచుకొస్తుంటుంది. ఆ ఊహలన్నీ దాన్ని తలచుకోకుండా ఉండటానికే. ఒకచోట మనసు పగిలిపోయినప్పుడు పేజీలోని అక్షరాలు కూడా పగులుతాయి, వాక్యాలు నాలుగు దిక్కులా పరుగెడతాయి. ఈ పుస్తకాన్ని గ్రే తన రచనల్లో ఉత్తమమైనదిగా ఎంచుకునేవారు. నేను ‘లానార్క్’ వైపే ఉంటాను, కానీ ఆయన ఎందుకలా అనుకున్నారో ఆ అక్షరాల పేజీలు చూస్తే అర్థమవుతుంది.

‘ఫైవ్ లెటర్స్ ఫ్రమ్ యాన్ ఈస్టర్న్ ఎంపైర్’ కథ గురించి అందరూ చెబుతారు. ఏముంది అందులో?

కథ ముగింపు చెప్పబోతున్నాను, ముందు చదవదలిస్తే ఇక్కడ ఆగండి. ఒక సామ్రాజ్యంలో చక్రవర్తి కోసం పెంచిన ఇద్దరు ఆస్థాన కవులు ఉంటారు. బోహు విషాద కవి. పాత రాజధాని నాశనం మీద కవిత రాయమని అతనికి ఆజ్ఞ అవుతుంది. తన తల్లిదండ్రులు ఉన్న ఊరది. గుండె మండి, పాలకుడి దుర్మార్గాన్ని నిలదీసే గొప్ప కవిత రాస్తాడు. చివరి ఉత్తరం సాహిత్య విభాగపు అధికారిది. కవిత అద్భుతంగా ఉంది, పేరులో ఒక్క అక్షరం తీసేసి దేశమంతా చాటమని ఆయన సిఫారసు. ‘చక్రవర్తి అన్యాయం’ కాస్తా ‘చక్రవర్తి న్యాయం’ అయిపోతుంది. ఇంగ్లీషులో జరిగిన ఆ కిటుకు తెలుగులోనూ అచ్చం అలాగే పనిచేస్తుంది, ఒక్క ‘అ’ తీసేస్తే చాలు. సంపాదకుడి కలానికి ఎంత బలం ఉందో, అది ఎవరి చేతిలో ఉంటే ఏమవుతుందో ఇంతకంటే పదునుగా చెప్పిన కథ నాకు తెలియదు.

‘పూర్ థింగ్స్’ సినిమా చూశాను. మళ్ళీ నవల చదవాలా?

తప్పకుండా చదవండి, అది వేరే వస్తువు. యోర్గోస్ లాంతిమోస్ తీసిన సినిమా 2023లో వెనిస్‌లో గోల్డెన్ లయన్, తర్వాత ఎమ్మా స్టోన్ నటనకు కలిపి నాలుగు ఆస్కార్లు గెలిచింది. లాంతిమోస్ ఏళ్ళ కిందటే గ్లాస్గో వచ్చి గ్రేని కలిస్తే, ఆయన ఊరంతా తిప్పి చూపించారట. సినిమాలో ఆ ఊరు లేకుండా పోయింది, కథ లండన్‌కి మారింది. గ్లాస్గోవాళ్ళు నొచ్చుకున్నారు, నాకూ బాధ కలిగింది. ఆ ఊరిని ఊహల్లో నిలబెట్టడానికే ఒక జీవితం వెచ్చించిన మనిషి కదా!

ఇంకో పెద్ద తేడా కథ గుట్టు విప్పేది, కావాలంటే ఈ పేరా దాటేయండి. నవలలో ఎక్కువ భాగం కథానాయిక బెల్లా భర్త మెక్‌కాండ్‌లెస్ రాసుకున్న జ్ఞాపకాలు. చివర బెల్లా, అంటే డాక్టర్ విక్టోరియా, రాసిన ఉత్తరం ఉంటుంది. శవానికి ప్రాణం పోయడం, మెదడు మార్చడం అన్నీ తన మొగుడు అల్లిన కట్టుకథలని ఆమె కొట్టిపారేస్తుంది. ఆమె మాట నమ్మితే వింత మొత్తం కూలుతుంది. సినిమాలో ఈ ఉత్తరం లేదు. నవలకు 1992లో విట్‌బ్రెడ్ నవలా బహుమతి, గార్డియన్ ఫిక్షన్ బహుమతి రెండూ వచ్చాయి.

‘పూర్ థింగ్స్’ లోపలి పేజీలో ‘సంపాదకుడు: అలస్డేర్ గ్రే’ అని ఉంది. మరి రాసింది ఎవరు?

రాసింది గ్రేనే. సంపాదకుడు గ్రే ఆ నవలలో ఒక పాత్ర. ముందుమాటలో ఆయన చెప్పే కథ ఇది: పీపుల్స్ ప్యాలెస్ మ్యూజియంలో పనిచేసే మైకెల్ డానెలీకి, వకీలు ఆఫీసువాళ్ళు పారేసిన కాగితాల్లో ఈ పుస్తకం దొరికింది. డానెలీ నిజమైన మనిషి, మ్యూజియం నిజం, దొరకడం కల్పన. ఇది కల్పితమని డానెలీ అంటే, కాదు నిజమేనని సంపాదకుడు వాదిస్తాడు. అసలు ప్రతిని ఆ సంపాదకుడే పోగొట్టేశాడు కూడా! బొమ్మలు విలియం స్ట్రాంగ్ అనే పాత చిత్రకారుడివని రాసి ఉంటుంది. అవీ గ్రే గీసినవే. చివర చరిత్ర వివరణలు పేజీలకు పేజీలు.

ఇందులో అసలు కీలకం వరస. భార్య ఉత్తరాన్ని ముందు పెట్టాలా, చివర పెట్టాలా అన్నది సంపాదకుడే నిర్ణయించాడు. ముందు పెడితే మొగుడి కథను ఎవరూ నమ్మరు. చివర పెట్టాడు కనుక మనం 250 పేజీలు నమ్మి, ఆపైన ఉలిక్కిపడతాం. ఒక్క మాట మార్చకుండా, పేజీల అమరికతోనే నిజాన్ని ఇటూ అటూ తిప్పొచ్చు. 2007 నాటి ‘ఓల్డ్ మెన్ ఇన్ లవ్’లోనూ ఆయన ఇలాగే, చనిపోయిన జాన్ టనక్ కాగితాలకు సంపాదకుడిగా నిలబడతారు.

భవిష్యత్తు మీద ఏమైనా రాశారా?

1994లో ‘ఎ హిస్టరీ మేకర్’. 23వ శతాబ్దం, స్కాట్లాండ్ సరిహద్దు కొండలు. మొక్కల్లాంటి యంత్రాలు అవసరాలన్నీ తీరుస్తాయి, ఇళ్ళు ఆడవాళ్ళు నడుపుతారు, పని లేని మగవాళ్ళు నియమాలు పెట్టుకుని టీవీ కోసం యుద్ధాలాడతారు. చిన్న నవల. చివర కథానాయకుడి తల్లి రాసినట్టుగా ఉన్న వివరణల కోసమైనా చదవొచ్చు.

## సంపాదకుడిగా

నిజంగా సంపాదకత్వం వహించిన పుస్తకం ఏది?

2000లో వచ్చిన ‘ద బుక్ ఆఫ్ ప్రిఫేసెస్’. ముందుమాటల పుస్తకం. 7వ శతాబ్దపు కేడ్‌మన్ నుంచి మొదటి ప్రపంచయుద్ధ కవి విల్ఫ్రెడ్ ఓవెన్ దాకా, ఇంగ్లీషులో రాసినవాళ్ళ పీఠికలను కాలక్రమంలో పేర్చారు. పేజీ అంచుల్లో ఎర్ర సిరాతో వ్యాఖ్యానం. మన పాత ప్రబంధాలకు టీకాతాత్పర్యాలతో వచ్చిన ముద్రణలు చదివినవాళ్ళకు ఆ పేజీ చూడగానే చనువుగా అనిపిస్తుంది. ముందుమాట చదవకుండా కథలోకి దూకని అలవాటున్న నాలాంటివాళ్ళకైతే పండగే. ముందుమాటలోనే కదా రచయిత భయం, గర్వం, అప్పులు, శత్రువులు అన్నీ బయటపడేది.

1980ల మొదట్లో తలపెట్టిన పని ముగియడానికి దాదాపు పదహారేళ్ళు పట్టింది. ఒక్కరి వల్ల కాక వ్యాఖ్యానాలకు స్నేహితులైన రచయితలను సాయం అడిగారు. అడిగినవాళ్ళ పేర్లు ఎక్కడో కృతజ్ఞతల్లో ఇరికించి ఊరుకోలేదు, వాళ్ళ ముఖాలు గీసి పుస్తకంలో వేశారు.

ఇతర రచయితలకు చేయూత ఇచ్చారా?

ఇచ్చారు. ఆగ్నెస్ ఓవెన్స్ ఇళ్ళు తుడిచి, ఫ్యాక్టరీల్లో పనిచేసి బతికిన మనిషి. గ్లాస్గో దగ్గర ఒక చిన్న ఊళ్ళో సాయంత్రపు రచనా తరగతికి ఆమె కథ పట్టుకొస్తే లాక్‌హెడ్, గ్రే, కెల్మన్ ఆమె సత్తా గుర్తించారు. 1985లో ‘లీన్ టేల్స్’ సంపుటి వచ్చింది, అందులో కెల్మన్, ఓవెన్స్, గ్రే ముగ్గురి కథలూ ఉన్నాయి. పేరున్న ఇద్దరి పక్కన ఆమెకు సమానంగా చోటు. 2001 నుంచి 2003 వరకు గ్రే, కెల్మన్, లెనర్డ్ ముగ్గురూ ఉమ్మడిగా సృజనాత్మక రచనకు ప్రొఫెసర్లుగా ఉన్నారు.

తప్పొప్పుల చీటీ సంగతేమిటి?

‘అన్‌లైక్లీ స్టోరీస్, మోస్ట్లీ’ తొలి ముద్రణలో ఒక చిన్న చీటీ పెట్టారు: ఈ చీటీ పొరపాటున ఇందులో చేరింది అని. అంతే, ఇంకేమీ లేదు. పుస్తకాల అట్టల మీద తిట్లతో కూడిన సమీక్షలు, లేని పత్రికల పేరుతో తనే రాసుకున్న సమీక్షలు కూడా వేసేవారు. అచ్చయ్యే ప్రతి అంగుళం మీదా ఆయన కన్నుండేది.

## చివరి ఏళ్ళు, ఆ తర్వాత

రాజకీయంగా ఎటువైపు?

సోషలిస్టు, స్కాట్లాండ్ స్వాతంత్ర్యవాది. 1992లో స్కాట్లాండ్‌ని స్కాట్లాండ్ వాళ్ళే ఎందుకు ఏలుకోవాలో వాదిస్తూ చిన్న పుస్తకం రాశారు. 2014లో రెఫరెండం ముందు సండే హెరాల్డ్ పత్రిక స్వాతంత్ర్యానికి మద్దతు ప్రకటించిన సంచికకు మొదటి పేజీ బొమ్మ ఆయనదే. ఇంగ్లండు నుంచి వచ్చి ఉండిపోయేవాళ్ళను, పదవి చూసుకుని వెళ్ళిపోయేవాళ్ళను విడదీస్తూ 2012లో రాసిన వ్యాసం మీద పెద్ద గొడవ జరిగింది.

‘మెరుగైన దేశపు తొలిరోజుల్లో ఉన్నట్టు పనిచేయండి’ అన్నది ఆయన మాటేనా?

ప్రచారం చేసింది ఆయన, తన పుస్తకాల అట్టల మీద అచ్చేయించి. మూలం కెనడా కవి డెనిస్ లీ కవితా పంక్తి. గ్రే ఆ సంగతి దాచలేదు, ఎవరైనా తనదని పొగిడితే సరిదిద్దేవారు. 2004లో తెరిచిన స్కాట్లాండ్ పార్లమెంటు భవనం గోడ మీద ఆ వాక్యం చెక్కి ఉంది.

చివర్లో ఏం రాశారు? ఎలా పోయారు?

2015 జూన్‌లో ఇంటి బయట మెట్ల మీద నుంచి పడి వెన్నెముక దెబ్బతింది. చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. ఆ స్థితిలో డాంటే మహాకావ్యాన్ని తన మాటల్లో ఇంగ్లీషు చేశారు. నరకం 2018లో, పర్గటరీ 2019లో వచ్చాయి. స్వర్గం ఆయన పోయాక, 2020లో. అంత్యక్రియలు వద్దని, శరీరాన్ని వైద్యవిద్యకు ఇచ్చేశారు.

ఆయన జీవితచరిత్ర ఉందా?

ఉంది. ఆయన చెబుతుంటే రాసిపెట్టిన కార్యదర్శి రాడ్జ్ గ్లాస్ 2008లో రాశారు. పక్కన కూర్చుని చూసినవాడి పుస్తకం కనుక విసుగులూ, అప్పులూ, అలకలూ అన్నీ ఉంటాయి. బొమ్మల వైపు నుంచి తెలుసుకోవాలంటే గ్రే తనే తయారుచేసుకున్న ‘ఎ లైఫ్ ఇన్ పిక్చర్స్’ చూడండి, 2010లో వచ్చింది.

మా అమ్మాయి గ్లాస్గోలో చదువుతోంది. వెళ్ళినప్పుడు ఆయన పని ఎక్కడ చూడొచ్చు?

విశ్వవిద్యాలయం పక్కనే హిల్‌హెడ్ సబ్‌వే స్టేషనుంది. టికెట్ హాల్లో పెద్ద గోడంతా ఆయన, నికల్ వీట్లీ కలిసి 2012లో చేసిన కుడ్యచిత్రం. ఆ పేట వీధులు, రకరకాల మనుషులు. రోజూ పొట్టకూటి కోసం తిరిగే తిరుగుడులో పడి, చిన్నప్పుడు ఆశగా, స్వేచ్ఛగా ఉన్నప్పుడు కలిగిన భావాన్ని పోగొట్టుకోవద్దని దాని మీద రాసి ఉంటుంది. మీ అమ్మాయి ఈపాటికే దాని ముందు నుంచి వందసార్లు నడిచి ఉంటుంది, అడిగి చూడండి.

అక్కడి నుంచి బయర్స్ రోడ్డు చివరికి నడిస్తే ఓరన్ మోర్. ఒకప్పుడు చర్చి, 2004 నుంచి కళావేదిక. పైకప్పంతా నీలిరంగు ఆకాశం, రాశిచక్రం, మనుషులు. పెళ్ళిళ్ళూ కార్యక్రమాలూ ఉన్న రోజుల్లో లోపలికి రానివ్వకపోవచ్చు, కనుక్కుని వెళ్ళండి. ఆష్టన్ లేన్‌లోని యుబిక్విటస్ చిప్ రెస్టారెంటు గోడల మీదా ఆయన బొమ్మలున్నాయి, చేతిలో డబ్బు లేని రోజుల్లో భోజనానికి బదులుగా గీసినవి. ఆయన బల్ల, పుస్తకాలు, కాగితాలు విస్కీ బాండ్ అనే పాత గోదాము భవనంలో అలస్డేర్ గ్రే ఆర్కైవ్‌గా భద్రపరిచారు. దానికి మాత్రం ముందుగా రాసి, అపాయింట్‌మెంటు తీసుకుని వెళ్ళాలి.